"మాందా నబాషీ" అంటే ఏమని జవాబివ్వాలి?

పోస్టు:
గ్రూపులో పార్శీ, ఉర్దూ తెలిసినవాళ్ళకి ఒక ప్రశ్న. మేము హాంబర్గ్‌లో ఉంటాం. ఈ ఊళ్ళో ఆఫ్ఘన్లు చాలామందే ఉన్నారు, మా పై అంతస్తులో కూడా ఒక కాబూల్ కుటుంబం ఉంది. సరుకుల సంచులు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే ఆ పెద్దావిడ ఎదురుపడిందంటే చాలు, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని "మాందా నబాషీ" అంటుంది. నెట్‌లో వెతికితే "నువ్వు అలసిపోకూడదు" అని వచ్చింది. నన్ను చూసి జాలిపడుతోందా, లేక అలసిపోవద్దని చెబుతోందా? దీనికి సరిపడే తెలుగు మాట ఏది? నేనైతే ఇప్పటిదాకా నవ్వేసి ఊరుకుంటున్నా. పైగా శుక్రవారం టీకి రమ్మంది, వాళ్ళింట్లో ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో తెలీక కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు:
జాలీ కాదు, ఆజ్ఞా కాదండీ, దీవెన. ఇది దరీ, అంటే కాబూల్‌లో మాట్లాడే పార్శీ. మాందా అంటే అలసినవాళ్ళు, నబాషీ అంటే కాకుండా ఉందువు గాక. దీనికి జవాబు "జిందా బాషీ", అంటే బతికుందువు గాక. ఆవిడ పెద్దావిడ అంటున్నారు కాబట్టి మీరు మాత్రం "జిందా బాషేన్" అనండి, బాషీ నువ్వు, బాషేన్ మీరు.

పుల్-ఎ-ఖుమ్రీ నుంచి హిందూకుష్ కొండలు దాటించి కాబూల్ దాకా మన దేశం వేసిన కరెంటు లైను ఉంది, 2009లో పూర్తయింది. ఆ పని మీద కొంతకాలం అక్కడ ఉన్నాను. పొద్దున లేస్తే సాయంత్రం దాకా ఈ మాటే. టవరెక్కి దిగినవాడికి అంటారు, తందూరు ముందు కూర్చుని రొట్టెలు కాల్చేవాడికి అంటారు, ఇప్పుడే ఆఫీసుకొచ్చి ఇంకా కుర్చీలో కూడా కూర్చోనివాడికీ అంటారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి అనొచ్చు, పనివాడు యజమానికి అనొచ్చు, ఎటునుంచి ఎటైనా చెల్లుతుంది.

కానీ ఈ ఒక్క మాటా పట్టుకుంటే సరిపోదు. ఇది ఒక పెద్ద వరసలో ముక్క. ఇద్దరు కాబూలీలు ఎదురుపడితే సలాం అలేకుం, చెతోర్ అస్తేన్, ఖూబ్ అస్తేన్, జాన్ జోర్ అస్, ఖానా ఖైరియత్ అస్ అంటూ ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు. ఎలా ఉన్నారు, బాగున్నారా, ఒంట్లో బాగుందా, ఇల్లంతా క్షేమమా అని. (ఈ జోర్ మన జోరు కాదు, ఆరోగ్యంగా ఉండటం.) ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతూనే ఉంటుంది, జవాబు కోసం ఎవరూ ఆగరు. కొత్తగా వెళ్ళిన విదేశీయులు మొదటి ప్రశ్నకే ఆగిపోయి "బాగానే ఉన్నాను, రెండ్రోజులుగా కాస్త జలుబు" అని మొదలుపెడతారు, అప్పటికి అవతలి మనిషి ఇంటిల్లిపాది క్షేమం కూడా అడిగేసి నిలబడి ఉంటాడు. మీరూ జవాబులు వెతుక్కోకండి, అవే ప్రశ్నలు తిరిగి అడగండి. నిజంగా జలుబు చేసిందా అన్న కబురు తర్వాత, కూర్చున్నాక, టీ వచ్చాక.

మరొకరు:
అర్థం బాగానే ఉంది గానీ "అలసిపోకుందువు గాక" అని తెలుగువాడెవడూ అనడు, ఆకాశవాణి నాటకంలో తప్ప. నూరేళ్ళు చల్లగా ఉండు అన్నది పెద్దలు చిన్నవాళ్ళని దీవించే మాట, కింద నుంచి పైకి పోదు. నా మటుకు నాకు దీనికి దగ్గరగా అనిపించేది మాట కాదు, మన అలవాటు. పార భుజాన వేసుకుని గట్టు మీద పోతున్నవాణ్ణి చూసి "ఏం బావా, పొలానికా?" అంటాం. కనబడుతూనే ఉంది పొలానికని. వాడూ "ఆఁ, పొలానికే" అంటాడు. అడిగినవాడికి తెలియకా కాదు, చెప్పేవాడికి చెప్పాలనీ కాదు, నిన్ను చూశాను అని తెలియజెయ్యడం, అంతే. "భోంచేశారా?" కూడా అంతే కదా, లేదు అన్నామంటే అడిగినవాడికే ఇబ్బంది.

ఇంకొకరు (హైదరాబాద్ నుంచి):
అరె, ఇందులో సగం మాటలు మనకు తెలిసినవే. ఉర్దూలో థకా మాందా అంటారు చూడండి, ఆ మాందానే ఇది. జిందా బాషీలోని జిందా మన జిందాబాద్‌లో ఉన్నదే, గోడల మీద రాసి రాసి నినాదం చేసినం గానీ దాని అసలు అర్థం బతకాలి అనే. నేను ఉస్మానియాలో చదివినప్పుడు ఆఫ్ఘన్ పిల్లలు స్కాలర్‌షిప్ మీద వచ్చేవాళ్ళు, మెస్‌లో ఎవరన్నా తినిపిస్తే "ఖానాత్ ఆబాద్" అనేవాళ్ళు, నీ ఇల్లు కళకళలాడాలి అని. ఆబాద్ అంటే మనకు ఊరి పేరు వెనకాల తోక, హైదరాబాద్, సికింద్రాబాద్. వాళ్ళకు ఇంకా బతికున్న మాట. ఇంకోటి, టెహ్రాన్ వాళ్ళు దినాన్ని రూజ్ అంటరు, కాబూల్ వాళ్ళు రోజ్ అంటరు. మన రోజు కాబూల్ రోజే. ఆ పాత ఓకారం వాళ్ళ దగ్గరా ఉంది, మన దగ్గరా ఉంది.

అన్నదాతా సుఖీభవకి ఖానాత్ ఆబాద్ అచ్చంగా సరిపోతుంది, దాన్ని వాడుకోవచ్చు అక్కా మీరు.

అడిగినావిడ:
అందరికీ థాంక్స్. గట్టు మీద బావ బాగా నచ్చాడు. రెండు సందేహాలు. ఆవిడ మా ఆయన్ని ఎప్పుడూ "ఖానా ఖైరియత్?" అనే అడుగుతుంది, నేను పక్కనే ఉన్నా సరే. నన్ను అడగొచ్చు కదా? రెండోది, ఆవిడ కొడుకుని మా ఆయన మామూలుగా "వైఫ్ బాగున్నారా, పేరేంటి?" అని అడిగితే అతను నవ్వి మాట మార్చేశాడు. ఏమైనా గొడవుందా వాళ్ళింట్లో?

మొదట జవాబిచ్చినవారు:
గొడవేమీ లేదండీ, రెండిటికీ ఒకటే కారణం, నేను పైన ఆ వరస గురించి అంత రాసింది కూడా ఇందుకే. చాలా ఆఫ్ఘన్ కుటుంబాల్లో ఇంటి ఆడవాళ్ళ పేరు బయటి మగవాళ్ళ ముందు ఎత్తరు. "నీ భార్య ఎలా ఉంది" అని మగవాడు మగవాణ్ణి అడగడం బాగోదు. అలాగని ఇంట్లోవాళ్ళ క్షేమం అడగకుండా ఎలా? అందుకే ఖానా, అంటే ఇల్లు. ఇల్లు క్షేమమా అంటే తల్లి, భార్య, కూతుళ్ళు, కోడళ్ళు అందరూ వచ్చేసినట్టే, ఎవరి పేరూ బయటికి రాలేదు. మీ ఆయన కూడా ఆ అబ్బాయిని "ఖానా ఖైరియత్ అస్?" అని అడిగితే సరిపోయేది. మనకి మరీ కొత్తేం కాదు, మా అమ్మమ్మ తాతయ్య పేరు నోటితో పలికిన పాపాన పోలేదు, రేషన్ కార్డుకి కూడా పక్కింటావిడ చేత చెప్పించేది. మన దగ్గర భార్య భర్త పేరు ఎత్తదు, అక్కడ మగవాడు ఆడవాళ్ళ పేరు ఎత్తడు, అదీ తేడా.

ఇది మర్యాద దగ్గరే ఆగిపోయి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదేమో. చాలా పెళ్ళి కార్డుల్లో పెళ్ళికూతురి పేరుండదు, ఫలానావారి కూతురు అని ఉంటుంది. గుర్తింపు కార్డుని అక్కడ తజ్కెరా అంటారు, దాంట్లో తండ్రి పేరుండేది, తల్లి పేరుండేది కాదు. 2017లో అక్కడి ఆడవాళ్ళే "నామం కుజాస్త్", నా పేరెక్కడ, అని ఉద్యమం మొదలుపెట్టారు. 2020లో చట్టం మార్చి తల్లి పేరు కూడా చేర్చడానికి ఒప్పుకున్నారు. కాబట్టి "వాళ్ళ సంస్కృతి అంతే" అని మనం బయట నుంచి తేల్చేస్తే, అది మా పేరు మాకియ్యండి అని అడిగిన ఆడవాళ్ళకి అన్యాయం. అలాగని మెట్ల మీద ఆ అబ్బాయికి క్లాసు పీకాల్సిన పనీ లేదు. కాబూల్‌లో చదువుకున్న కుటుంబాల్లో తమ భార్యల్ని పేరుతో పరిచయం చేసినవాళ్ళనీ చూశాను. ఆ ఇంటి పద్ధతేమిటో ఆ ఇంటివాళ్ళనుంచే తెలుసుకోవాలి. ఆడవాళ్ళు ఆడవాళ్ళు కూర్చున్నప్పుడు పేర్లూ పుట్టినరోజులూ పెళ్ళిళ్ళూ అన్నీ వస్తాయి, మీకు శుక్రవారం ఆవిడే చెబుతుంది చూడండి.

ఇక టీ సంగతి. చెప్పులు గుమ్మం దగ్గరే. కింద పరుపులుంటాయి, తోషక్ అంటారు, గుమ్మానికి దూరంగా ఉన్న చోటు అతిథిది. మీరు వినయంగా గుమ్మం పక్కనే చతికిలబడితే వాళ్ళు ఊరుకోరు, ఇద్దరూ కాసేపు పెనుగులాడాక చివరికి మీరు ఆ అతిథి చోటుకే వెళ్ళాలి. కూర్చున్నాక కాళ్ళు ఎదుటివాళ్ళ వైపు చాపకండి. టీ వచ్చిందంటే గ్లాసు ఖాళీ అయినప్పుడల్లా నింపుతూనే ఉంటారు. పక్కన బాదంపప్పుకి చక్కెర పూత పూసిన నుఖుల్, కిస్‌మిస్, ఇలాంటివి. ఇక చాలనుకుంటే గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టండి, మాటతో వద్దంటే అది వద్దు కింద లెక్కకి రాదు. ఒకసారి వద్దనడం మీ వంతు, మళ్ళీ పెట్టడం వాళ్ళ వంతు. "తకల్లుఫ్ నకునేన్" అంటారు, అది అచ్చంగా మన "మొహమాటపడకండి". మొహమాటం విషయంలో తెలుగువాళ్ళకి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వక్కర్లేదు కాబట్టి అక్కడ మీరు నెగ్గుకొస్తారు.

భోజనానికి ఉండమంటే దస్తర్‌ఖాన్ అని నేల మీద బట్ట పరుస్తారు, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళండి. రొట్టె ముక్క కింద పడితే చూసీ చూడనట్టు ఊరుకోకండి. వాళ్ళు దాన్ని తీసి ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించి కాలు తగలనిచోట పెడతారు. మా సైటులో ఒక ముసలి డ్రైవరు చేతిలోని రొట్టె జారి బురదలో పడితే, బండి స్టార్ట్ చేసినవాడు ఇంజన్ ఆపి దిగి, దాన్ని తీసి తుడిచి గోడ సందులో పెట్టి మళ్ళీ ఎక్కాడు. ఈ లోపు వెనక బండ్లవాళ్ళు ఒక్కరు కూడా హారన్ కొట్టలేదు.

మరొకరు:
చిన్న సవరణ అందరికీ. మనుషుల్ని ఆఫ్ఘనీలు అనకండి, ఆఫ్ఘనీ వాళ్ళ రూపాయి. మనిషి ఆఫ్ఘన్. టీవీ చానళ్ళు ఎలాగూ మారవు, భాషా గ్రూపులోనైనా మారదాం.

అడిగినావిడ:
నోట్ చేసుకున్నా. మా ఆఫీసులో ఇంకో ఆఫ్ఘన్ అబ్బాయి ఉన్నాడు, కాందహార్ వైపు. అతనికీ మాందా నబాషీ అనొచ్చా?

మొదట జవాబిచ్చినవారు:
అర్థమవుతుంది గానీ అతని ఇంటి భాష పష్తో, అంటే ఆఫ్ఘన్లలో ఇంకో పెద్ద భాష, అయ్యుండొచ్చు, ముందు అడగండి. పష్తోలో ఇదే దీవెన "స్తడే మషే", అలసిపోకు అని. జవాబు మాత్రం వేరు, "ఖ్వార్ మషే", దిక్కులేనివాడివి కాకు అని. అతనికి పష్తోలో ఈ ఒక్క మాట అని చూడండి, మీ పని గంటసేపు ఆగిపోతే నా పూచీ లేదు. చెయ్యి మాత్రం మీరు ముందు చాపకండి, అతను చాపితే కలపండి, లేదంటే మీ పై అంతస్తు ఆవిడలాగే కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుంటే చాలు.