ఎయాసీ సరస్సు: పక్షులు చూశాక హడ్జాల వేటకూ వెంట వెళ్ళాలా?

కొత్తబాట: ఫిబ్రవరిలో టాంజానియా ప్రయాణం. ఎన్‌గోరోంగోరో అయ్యాక ఎయాసీ దగ్గర ఒక్క రాత్రి. ఏజెంటు ప్లాను ఇదీ: తెల్లవారుజామున అక్కడ వేటాడి బతికే హడ్జా తెగవాళ్ళతో వేట, పదింటికి దతోగా తెగ కమ్మరులు, మధ్యాహ్నం సరస్సులో ఫ్లెమింగోలు. సరిపోతుందా? అసలు వేట చూడ్డానికి వెళ్ళడం సబబేనా?

ఉల్లంకి: ఒక్క రాత్రి చాలదండీ. కరాతు పట్నం నుంచి సరస్సు దగ్గరి మంగోలా ఊరికి దూరం 50 కిలోమీటర్ల లెక్కే అయినా గంటన్నర పైనే పడుతుంది. పక్షులకైనా వేటకైనా కావలసింది అదే తెల్లవారుజాము. మంగోలా ఉన్నది సరస్సుకు ఈశాన్యాన. పొద్దున సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, పక్షుల రంగులు తేటగా కనిపిస్తాయి. తొమ్మిది దాటితే చవుడు మీద సెగ లేస్తుంది, 60 రెట్ల స్కోపులో ఫ్లెమింగో వణికే గులాబీ మరక అవుతుంది. మధ్యాహ్నం దాటితే ఎండ ఎదురు. రెండు రాత్రులు పెట్టుకోండి.

నీళ్ళు బయటికి పోయే దారి లేని, లోతు తక్కువ ఉప్పు సరస్సు ఇది. సెప్టెంబరు, అక్టోబరుల్లో తెల్ల పొర తప్ప ఏమీ మిగలకపోవచ్చు. ఫిబ్రవరి నయం, అయినా నీరు ఎంతవరకు ఉందో మంగోలాలో ముందే అడగండి. గట్టిగా కనిపించే పొర కింద ఊబి ఉంటుంది, బండి దించనివ్వకండి. పశువుల గిట్టల జాడ ఉన్న చోటే నడవండి. ఆ జాడ లోతుగా దిగబడి ఉంటే అక్కడే ఆగిపోండి.

తేనెపట్టు: సబబే. హడ్జాలు మొత్తం వెయ్యి పైచిలుకు. వేట, దుంపలు, తేనె మీదే బతికేవాళ్ళు కొన్ని వందల మంది. పక్షుల మనిషికి తేనెపట్టు చూపించే హనీగైడ్ పిట్టని మించింది ఏముంది? హడ్జా ఈల వేస్తే పిట్ట వస్తుంది, చెట్టు నుంచి చెట్టుకు అరుస్తూ దారి చూపి, బావోబాబ్ తొర్రలో పట్టు దగ్గర ఆగుతుంది. మనిషి మానుకు కర్ర మేకులు దిగ్గొట్టుకుంటూ ఎక్కి, పొగబెట్టి తేనె తీస్తాడు. మైనం పిట్టకు వదిలేస్తాడు.

ఉల్లంకి: ఆ చివరి మాట ఎయాసీలో చెల్లదు. 2014లో అచ్చైన పరిశీలన ఉంది. హడ్జాలు చాలాసార్లు మైనాన్ని కాల్చేస్తారు, పూడ్చేస్తారు. పిట్ట ఆకలితో ఉంటేనే ఇంకో పట్టు చూపుతుందని.

తేనెపట్టు: పూడ్చినా తుక్కు మిగులుతుంది. పిట్ట రావడం మానలేదు కదా.

ఉల్లంకి: తుక్కు వేరు, వాటా వేరు.

నయాఖిల్లా: బావోబాబ్ అంటే గోల్కొండలో మన హాతియాన్ ఝాడ్ జాతే.

తేనెపట్టు: మైనం దగ్గరే పట్టుకు వేలాడతారేం! వెళ్ళేవాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడమే మీ పని.

ఉల్లంకి: వెళ్ళొద్దని అనలేదు. రెండు గంటల ప్రోగ్రాంలో పిట్ట టైముకు రాదు. రోడ్డు పక్క హడ్జా శిబిరాలకు బండ్లు వరస కడతాయి. పశువులు, ఉల్లి పొలాలు వచ్చి అక్కడ జంతువులు తగ్గిపోయాయి. వచ్చినవాళ్ళకు ఏదో ఒకటి చూపాలి కాబట్టి చిన్న పిట్టల్ని కొడతారు. వచ్చినవాళ్ళిచ్చిన నగదు చాలాచోట్ల సారాకి పోయింది. మా గ్రూపు ఏజెంటుకిచ్చిన "గ్రామ నిధి"లో శిబిరానికి చేరింది సగం కూడా కాదు.

పెంటబాట: నల్లమల చెంచు పెంటల దగ్గరా ఇంతే. కారు ఆపి "విల్లు పట్టుకో" అంటారు, ఫొటో తీసుకుని పోతారు.

తేనెపట్టు: మీ ఏజెంటు మోసానికి హడ్జాలకు శిక్షా? భూమి లాక్కున్నది ఉల్లి పొలాలు, మందలు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కాదు. హడ్జాలు తమ డబ్బు ఎలా ఖర్చుపెట్టుకోవాలో చెప్పడానికి మీరెవరు?

ఉల్లంకి: చెప్పను. కానీ ఆ డబ్బు ఎవరి చేతికి, ఏ లెక్కన ఇవ్వాలో నిర్ణయించేది ఇప్పుడు డ్రైవరు. ఆగ్నేయాన యాయిదా లోయలో 2011లో హడ్జాలకు ఉమ్మడి భూమి పట్టాలొచ్చాయి. ఆ అడవిని నరకకుండా కాపాడినందుకు వచ్చే కార్బన్ క్రెడిట్ల డబ్బు సముదాయానికి వెళ్తుంది, దాన్ని ఏం చేయాలో వాళ్ళే తేల్చుకుంటారు. నేను అడిగేది అదే.

తేనెపట్టు: అది అడవికొచ్చే డబ్బు. మంగోలా దగ్గర ఉన్న కుటుంబానికి ఈ వారం మొక్కజొన్న పిండి ఎక్కడిది? మీరు రానంటే అదీ ఉండదు.

పెంటబాట: ఇద్దరూ అడగని మాట ఒకటుంది. శిబిరం "ఇవాళ వద్దు" అంటే ఏజెంటు వింటాడా? బుక్ చేసేముందు అది అడగండి.

కొత్తబాట: రెండు రాత్రులకు మార్చాను. అడిగితే, శిబిరం వద్దంటే డబ్బు వాపసు ఉండదన్నాడు. వేరే ఏజెంటును చూస్తున్నా. దతోగాల దగ్గర బాణాలు కొనొచ్చా?

ఉల్లంకి: మేక తోలు కొలిమితిత్తి ఊదుతూ పాత మేకుల్ని సాగగొట్టి మొనలు చేస్తారు. హడ్జాలు తేనె, మాంసం ఇచ్చి అవి తీసుకుంటారు. పాత తాళాలు కరిగించి పోసిన ఇత్తడి కడియం కొనుక్కోండి. హడ్జాల చేతి బాణాలైతే, మొన కింద నల్లటి జిగురు పూత ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. అది ఎడారి గులాబీ మొక్క పాలు కాచిన విషం.

తేనెపట్టు: పూత లేని బాణమైనా చెక్-ఇన్ సామానులోనే వేయండి. ఫిషర్స్ లవ్‌బర్డ్ అనే చిన్న చిలుక కోసం బావోబాబ్ తొర్రలు చూడటం మర్చిపోకండి: నారింజ మొహం, కంటి చుట్టూ తెల్ల వలయం.