పాత 911 ఎస్‌సీ క్లచ్ పెడల్ చాలా హార్డ్‌గా ఉంది, ఇంజన్ దింపకుండా తగ్గుతుందా?

ఫ్రిస్కో బావ

అందరికీ నమస్కారం. ఈ మధ్యే 1982 పోర్షా 911 ఎస్‌సీ కొన్నాను. 915 రకం గేర్‌బాక్స్, కేబుల్ క్లచ్ (పెడల్ ఒక తీగని లాగితే క్లచ్ విడుతుంది). ఇంజన్ బాగుంది, తుప్పు పెద్దగా కనబడలేదు, టెక్సస్ ఎండకి రంగు కాస్త వెలిసింది, అంతే. బాధంతా నా ఎడమ కాలిది. సాయంత్రం 121 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇల్లు చేరేసరికి తొడ వణుకుతోంది. మా ఆవిడ సరదాపడి ఒకసారి నడిపింది. సందు చివరిదాకా వెళ్ళి "ఇది కారా, రోడ్డు రోలరా?" అని తాళాలు నా చేతిలో పెట్టేసింది.

ఇక్కడ ఒక షాపులో చూపించాను. బండి కిందకి వంగి కూడా చూడకుండా "పాత 911లన్నీ ఇంతే, కావాలంటే ఇంజన్ దింపి క్లచ్ సెట్టు మొత్తం మార్చేద్దాం" అన్నారు. వాళ్ళు చెప్పిన ఎస్టిమేట్‌తో మా నలుగురం ఇండియా వెళ్ళి రావచ్చు.

మీకు పనికొస్తుందేమోనని ఇంకో రెండు విషయాలు. పెడల్ తొక్కి వదిలితే చివర్లో కాలితో పాటు రాదు, వెనకాల నింపాదిగా వస్తుంది. నేల దగ్గర కిర్రుమని చిన్న చప్పుడు కూడా ఉంది. క్లచ్ జారడం మాత్రం లేదు, గేర్లు బాగానే పడుతున్నాయి.

ఇంజన్ దింపక తప్పదంటే దింపిస్తాను. అంతకంటే ముందు నా చేతులతో చేసుకోగలిగింది ఏమైనా ఉందా?

మోకాళ్ళ వైద్యం

బండి సంగతి నాకు తెలీదు గానీ కాళ్ళ సంగతి తెలుసు, న్యూజెర్సీలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. సీటు ఒక్క గాడి ముందుకి జరిపి చూడండి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు చాచి వేళ్ళతో నొక్కుతుంటే పిక్క, తొడ రెండూ పట్టేస్తాయి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసేయండి. చాలామంది తొక్కిపట్టుకునే కూర్చుంటారు.

బే ఏరియా బుల్లోడు

బ్రో, 1987 మోడల్ నుంచి 911కి జీ50 గేర్‌బాక్స్‌తో పాటు హైడ్రాలిక్ క్లచ్ వచ్చేసింది. అది ఎక్కించెయ్, గొడవ వదిలిపోతుంది. అంత డబ్బు వద్దనుకుంటే కింద క్లచ్ లివర్ పొడుగు చేయించు. మా కజిన్ తన మస్టాంగ్‌కి అలాంటిదే ఏదో చేయించాడు.

ఆటోనగర్ 911

బుల్లోడూ, మంచి సలహాలే గానీ బావ జేబు ఖాళీ అయిపోతుంది! జీ50 పొడుగు బాక్సు. ఎస్‌సీలో అది పట్టాలంటే వెనక సస్పెన్షన్‌ని మోసే టార్షన్ బార్ ట్యూబుని కోసి మళ్ళీ వెల్డింగ్ చేయాలి. పెడల్ బరువు తగ్గించుకోవడానికి ఎవరైనా ఛాసిస్ కోస్తారా? లివర్ సంగతి కింద చెప్తాను.

తమ్ముడూ, "పాత 911లన్నీ ఇంతే" అన్నది సగమే నిజం. ఈ కాలం కార్లతో పోలిస్తే బరువే, కానీ తొడ వణికేంత ఉండకూడదు. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు ఉండేది, పానాలు అందిస్తూ పెరిగాను. క్లచ్ హార్డ్ అని ఎవరొచ్చినా ఆయన ముందు పెడల్‌ని చేత్తో నొక్కి వదిలి చూసేవాడు. తొక్కేటప్పుడు ఎంత బరువుందో అందరూ చెప్తారు, వదిలినప్పుడు ఎలా వస్తోందో ఎవరూ చూడరు.

స్ప్రింగు వల్ల వచ్చే బరువైతే, కాలు తీయగానే పెడల్ అంత బలంగానూ వెనక్కి కొడుతుంది. రాపిడి వల్ల వచ్చే బరువు వెళ్ళేటప్పుడూ అడ్డమే, వచ్చేటప్పుడూ అడ్డమే. నీ పెడల్ చివర్లో నింపాదిగా వస్తోందని, కిర్రుమంటోందని నువ్వే రాశావు. నీ కాలి బలంలో కొంత క్లచ్ దాకా వెళ్ళడమే లేదు, దారిలోనే పోతోంది. ఆ దారి అంతా ఇంజన్ దింపకుండా చూసుకోగలిగినదే.

బండిని స్టాండ్ల మీద పెట్టు. ఉత్త జాకీని నమ్మి కిందకి దూరొద్దు. గేర్‌బాక్స్ దగ్గర క్లచ్ కేబుల్‌ని లివర్ నుంచి విడదీయి. అక్కడ ఒమేగా ఆకారంలో వంగిన స్ప్రింగు ఒకటి కనబడుతుంది, అది టెన్షన్‌లో ఉంటుంది, వేళ్ళు జాగ్రత్త. ఇప్పుడు లోపలికెళ్ళి పెడల్‌ని చేత్తో నొక్కు. పట్టుకుంటుంటే జబ్బు ముందు భాగంలో ఉంది. హాయిగా కదిలితే వెనక వెతకాలి.

నా అనుమానం ముందు భాగం మీదే. 911లో పెడల్స్ పైనుంచి వేలాడవు, నేల నుంచి లేస్తాయి. బూట్ల మట్టి, తడి, ఇసుక అన్నీ తిన్నగా పెడల్ షాఫ్టు మీదే పడతాయి. షాఫ్టు తిరిగేది ప్లాస్టిక్ బుష్‌లలో, అంటే చుట్టూ ఉండే గొట్టం లాంటి తొడుగుల్లో. నలభై ఏళ్ళకి అవి పొడైపోయి, ఇనుము మీద ఇనుము తిరుగుతూ ఉంటుంది. కంచు బుష్‌ల సెట్టు దొరుకుతుంది, ఇంజన్ పనితో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకి రాదు. కార్పెట్టు, పెడల్ బోర్డు తీసి, పెడల్ సెట్టు మొత్తం బయటికి లాగి, రోల్ పిన్ కొట్టి షాఫ్టు తీయాలి. తుప్పు పట్టిన రోల్ పిన్ అంత తొందరగా రాదు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె పోసి ఉంచు. బ్రేక్ పెడల్ కూడా ఆ సెట్టులోనే ఉంటుంది. తిరిగి బిగించాక బ్రేక్ రాడ్డు సరిగ్గా కూర్చుందో లేదో చూడకుండా బండి కదపొద్దు.

ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి కేబుల్ కూడా మార్చెయ్. లోపల తీగలు ఒక్కొక్కటే విడిపోతుంటే తొడుగులో గీసుకుంటాయి. పైకి ఏమీ కనబడదు, ఒకరోజు రోడ్డు మధ్యలో తెగుతుంది.

ఇక వెనక ఉన్న ఒమేగా స్ప్రింగు. 1978లో ఎస్‌సీ వచ్చినప్పటి నుంచి ఉంది. కాలికి సాయం చేయడానికే దాన్ని పెట్టారు. విరిగినా, దాని పివట్ ఎండిపోయినా ఆ సాయం పోతుంది. శుభ్రం చేసి గ్రీజు పెట్టు. అది ఉన్నందువల్లే ఎస్‌సీలో క్లచ్ ఫ్రీప్లే (క్లచ్ కదలకముందు ఉండే ఖాళీ సందు) పెడల్ దగ్గర చూసి సరిచేయకూడదు, స్ప్రింగు దాన్ని దాచేస్తుంది. కింద లివర్ దగ్గర ఫీలర్ గేజ్‌తోనే (సందు కొలిచే పలచటి రేకులు) సందు కొలవాలి. కొలత నీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది.

ఇవన్నీ అయినా హార్డ్‌గానే ఉంటే అప్పుడు ఇంజన్ సంగతి ఆలోచిద్దాం. క్లచ్ ప్లేటు అరిగితే పెడల్ లూజవుతుందని చాలామంది అనుకుంటారు. ఇలాంటి డయాఫ్రమ్ క్లచ్‌లో (వేళ్ళలా చీలికలున్న గుండ్రటి స్ప్రింగు ఉండే క్లచ్) జరిగేది దానికి ఉల్టా. ప్లేటు పలచబడేకొద్దీ, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, డయాఫ్రమ్ వేళ్ళ కోణం మారుతుంది, వాటిని నొక్కడానికి ఇంకా బలం కావాలి. పాత ఓనరు ఎవరైనా "స్పోర్ట్" ప్రెషర్ ప్లేటు వేసుంటే అది ఇంకో గోల. మార్పులు చేయని ఇంజన్‌కి దాని అవసరమే లేదు, ఉన్న బలమంతా నీ మోకాలు మోయాలి.

లివర్ పొడుగు చేయడం గురించి: పెడల్ బరువు పది శాతం తగ్గించే లివర్, క్లచ్‌ని నొక్కే బేరింగు కదిలే దూరాన్నీ పది శాతం తగ్గిస్తుంది. ఊరికే వచ్చే బలం లేదు. క్లచ్ పూర్తిగా విడవదు, రివర్స్ వేస్తే గరగరమంటుంది, ఫస్ట్ పడనంటుంది. అసలే 915లో గేర్లు మెత్తగా పడేలా చేసే సింక్రోలు నాజూకు.

ఫ్రిస్కో బావ

అన్నా, మీరు చెప్పింది చెప్పినట్టే జరిగింది. కేబుల్ విడదీసి పెడల్ నొక్కితే సగంలో అలాగే నిలబడిపోయింది, చేత్తో వెనక్కి లాగాల్సి వచ్చింది! బోర్డు తీస్తే కింద తడి, ఎర్రటి తుప్పు. రెండు బుష్‌ల్లో ఒకటి అసలు లేదు, దాని చోట నల్లటి పొడి ఉంది. రోల్ పిన్ మాత్రం నా ప్రాణం తీసింది. కంచు బుష్‌లు, కొత్త కేబుల్ వేశాను. వెనక స్ప్రింగు విరగలేదు కానీ ఎండిపోయి మట్టి కట్టుకుపోయింది, కడిగి గ్రీజు పెట్టాను.

ఇప్పుడు పెడల్ కాలితో పాటే వస్తోంది, కిర్రు పోయింది. మా ఆవిడ సివిక్ అంత తేలిక కాదు గానీ ట్రాఫిక్‌లో భరించగలుగుతున్నాను. ఒక్క సందేహం. క్లచ్ బాగా పైన, పెడల్ దాదాపు పూర్తిగా వదిలాకే పట్టుకుంటోంది. అది మామూలేనా?

ఆటోనగర్ 911

శభాష్. నీళ్ళు ఎక్కడినుంచి దిగుతున్నాయో అది కూడా వెతుకు, లేకపోతే షాఫ్టుకి మళ్ళీ అదే గతి.

పైన పట్టుకోవడం మామూలు కాదు. ముందు లివర్ దగ్గర సందు కొలిచి సరిచేయి. దాంతో కిందకి దిగితే అడ్జస్ట్‌మెంట్ లోపమే. అడ్జస్టర్ చివరిదాకా వచ్చేసి ఇక తిరగనంటే ప్లేటు అయిపోయినట్టే, పెడల్‌లో మిగిలిన బరువు కూడా అక్కడిదే. జారడం లేదు కాబట్టి తొందరేమీ లేదు, చలికాలంలో దింపించుకో.

అప్పుడు షాపు వాళ్ళతో ముందే మాట్లాడుకో: మామూలు ప్రెషర్ ప్లేటు చాలు, స్పోర్ట్ వద్దు. ఎస్‌సీల్లో కంపెనీ వేసిన ప్లేటుకి మధ్యలో రబ్బరు ఉండేది, అది ముక్కలై ఇరుక్కుంటుంది. నీదాంట్లో ఇంకా అదే ఉంటే స్ప్రింగులున్న ప్లేటు వేయించు. క్రాంకు వెనక ఆయిల్ సీలు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీలు, రిలీజ్ షాఫ్టు బేరింగులు అప్పుడే మార్పించు. వాటి కోసం మళ్ళీ ఇంజన్ దింపితే అదే కూలీ ఇంకోసారి కట్టాలి. పాత ప్లేటు పారేయకుండా నీకు ఇవ్వమను, ఫొటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.