నంబరు చూస్తే 318, అమ్మినప్పుడు చెప్పింది 440: 1969 చార్జర్ పని ఎక్కడ మొదలుపెట్టాలి?

చార్జర్69 అడిగారు:

అందరికీ నమస్కారం. పన్నెండేళ్ల వయసులో ఒక పత్రికలో 1969 డాడ్జ్ చార్జర్ ఫోటో చూశాను. రెప్పల వెనక దాక్కున్న హెడ్‌లైట్లు, నడుం దగ్గర సన్నబడి వెనక చక్రాల మీద మళ్లీ విచ్చుకునే ఆ ఒడ్డూ పొడుగూ. అప్పట్నుంచీ ఆ బండి నా మనసులోంచి పోలేదు. పోయిన నెల అమెరికా నుంచి ఓడలో, కంటైనర్‌లో వచ్చి నా షెడ్డులో దిగింది. "ఆర్/టీ, 440 ఇంజన్" అని చెప్పి అమ్మారు. అంటే చార్జర్లలో ఎక్కువ బలమున్న రకం, 440 ఘనపుటంగుళాల పెద్ద ఇంజన్‌తో. నేను ఫోటోలు చూసే కొన్నాను.

దగ్గర్నుంచి చూస్తే కొన్ని సంగతులు పొసగడం లేదు. డాష్‌బోర్డు మీది నంబరు ఎక్స్‌పీ29ఎఫ్9బీ అని మొదలవుతోంది, అది 318 అనే చిన్న ఇంజన్‌దని అంటున్నారు. ముందు మడ్‌గార్డుల్లో కుడివైపు దాని పక్కలైటు పొడుగ్గా ఉంది, ఎడమవైపుది గుండ్రంగా ఉంది. వినైల్ టాప్ (పైకప్పుకు అతికించిన తోలులాంటి పొర) వెనక అద్దం మూలల్లో పొక్కింది. స్టార్టర్ తిప్పుతున్నంతసేపూ ఇంజన్ అందుకుంటుంది, తాళం చెయ్యి వదలగానే చచ్చిపోతుంది. ఎడమ చక్రాల నట్లు ఎంత బలంగా తిప్పినా ఊడటం లేదు.

మొత్తం విప్పేసి రేకు దాకా తెచ్చి మొదలుపెడదామని మా తమ్ముడు అంటున్నాడు. 318 అయితే తీసేసి 440 వేసి, ఆర్/టీ లాగే చేసేయమని ఇంకొకరు. ఏం చెయ్యమంటారు?

పాతరేకు రాశారు:

ముందు ఆ ఎడమ చక్రాల మీద బలం పెట్టడం ఆపండి. ఆ రోజుల్లో క్రైస్లర్ వాళ్లు ఎడమవైపు చక్రాలకు ఎడమ మరలు పెట్టేవాళ్లు. మనం బిగించే దిక్కుకు తిప్పితేనే అవి ఊడతాయి. స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) కొసన "ఎల్" అక్షరం కనబడుతుంది చూడండి. నా 1968 చార్జర్‌కు ఈ సంగతి తెలియక ఒకే సాయంత్రం రెండు స్టడ్లు విరగ్గొట్టాను. ఇంకోమాట, ఈ బండికి నట్లూ బోల్టులూ అన్నీ అంగుళాల కొలతలే. మిల్లీమీటర్ల స్పానర్ పెడితే తలలు గుండ్రంగా అరిగిపోతాయి. మంచి అంగుళాల స్పానర్ సెట్టు కొన్నాకే మిగతా పని.

ఇక నంబరు. ఎక్స్ అంటే చార్జర్. పీ అంటే ప్రీమియం తరగతి. 29 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, పక్క అద్దాల మధ్య స్తంభం లేనిది. ఎఫ్ అంటే 318 ఇంజన్. 9 అంటే 1969. బీ అంటే మిషిగన్‌లోని హామ్‌ట్రామ్‌క్ ఫ్యాక్టరీ. ఆర్/టీ అయ్యుంటే ఎక్స్‌ఎస్29 అని మొదలై, తర్వాత 440కి ఎల్, హెమీ అనే ఇంకో పెద్ద ఇంజన్‌కు జే ఉండాలి. ఆ నంబరు పలక అసలుదే అయితే, మీ బండి 318తో పుట్టింది. అమ్మినవాళ్ల మాట నిజం కాదు.

ఇప్పుడు లోపల ఏ ఇంజన్ ఉందో మీరే చూసుకోవచ్చు, ఏమీ విప్పక్కర్లేదు. బానెట్ ఎత్తి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) ఎక్కడుందో చూడండి. వెనక, డాష్ గోడ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) దగ్గరుంటే 318 లాంటి చిన్న బ్లాకు. ముందువైపు, ఓ పక్కకు వాలి ఉంటే 383 లేదా 440 లాంటి పెద్ద బ్లాకు.

తాళం వదలగానే ఆగిపోతోందంటే దాదాపు ఖాయంగా బల్లాస్ట్ రెసిస్టర్. డాష్ గోడకు బిగించిన తెల్లటి పింగాణీ ముక్క అది. స్టార్ట్ చేసేటప్పుడు కాయిల్‌కు (స్పార్క్ పుట్టించే భాగం) కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా వెళుతుంది, తాళం వెనక్కి రాగానే దానిగుండా వెళ్లాలి. లోపలి తీగ తెగితే సరిగ్గా మీరు చెప్పినట్టే అవుతుంది. చిన్న భాగం, మార్చేయండి. కానీ అది మార్చి ఇంజన్ నడిచింది కదా అని సంబరపడి బండిని కదపకండి. బ్రేకు గొట్టాలు లోపల ఉబ్బి ఉంటాయి, వీల్ సిలిండర్లు కారుతుంటాయి. బ్రేకులు పూర్తయ్యేదాకా షెడ్డు దాటకూడదు. డ్రమ్ములు విప్పినప్పుడు ఆ దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. పాత షూల లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ సంచిలో మూటగట్టి పారేయాలి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఆ గుండ్రటి పక్కలైటు. గుండ్రటివి 1968వి. 1969కి పొడుగువి వచ్చాయి. అంటే మీ ఎడమ మడ్‌గార్డు 1968 బండిది. మడ్‌గార్డు ఊరికే ఎవరూ మార్చరు. ఆ వైపు ఏదో గట్టిగా తగిలింది. మడ్‌గార్డు లోపల, కింద ఉన్న రైలు (బండి బరువు మోసే ఇనుప దూలం) చూడండి. ముడత, వేడిచేసి లాగిన గుర్తు, తర్వాత వేసిన వెల్డింగ్, ఏది కనబడ్డా ఫోటో తీసి పెట్టండి. బండి కింద టేపు పట్టి ముందు నుంచి వెనక్కి మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి.

మీ తమ్ముడి మాట మాత్రం ఇప్పుడే వినకండి. విప్పిన బండి ఏమీ చెప్పదు. ఏ బోల్టు ఎక్కడిది, ఏ తలుపు సందు ఎంత, ఏ వైరు ఎటు పోయింది, ఇవన్నీ అది ఒక్కటిగా నిలబడి ఉన్నప్పుడే తెలుస్తాయి. నాది పదకొండేళ్లు పట్టింది. అందులో నాలుగేళ్లు ఏ డబ్బాలో ఏముందో వెతుక్కోవడంతోనే పోయాయి.

బిగ్‌బ్లాక్ రాశారు:

పాతరేకు గారు చెప్పిందంతా నిజం. ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. 440 మాగ్నం 375 హార్స్‌పవర్, 318 అయితే 230. రెండూ ఆనాటి గ్రాస్ లెక్కలే, అంటే ఇంజన్‌ను బండిలో కాకుండా బల్ల మీద పెట్టి కొలిచినవి. అయినా తేడా కాలి కింద తెలుస్తుంది. ఈ బండి గురించి కల కన్నది ఆ తోపు కోసమే అయితే 440 వేసుకోవడం తప్పు కాదు.

కానీ ఇంజన్ ఒక్కటే మారిస్తే అయిపోదు. ఇంజన్ కూర్చునే కింది కే-ఫ్రేమ్ వేరు, టార్షన్ బార్లు (ముందు స్ప్రింగుల పని చేసే కడ్డీలు) మందంగా ఉండాలి, రేడియేటర్ మారాలి, గేర్‌బాక్సు కేసు కూడా వేరే. అసలు 318ని తుడిచి, నూనె పూసి మూలన దాచండి, అమ్మొద్దు. ఆర్/టీ బ్యాడ్జీలు మాత్రం పెట్టకండి. మీకు జరిగిందే రేపు ఇంకొకరికి జరుగుతుంది.

చార్జర్69 రాశారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎడమ నట్లు అటు తిప్పగానే ఊడాయి! బల్లాస్ట్ రెసిస్టర్ మధ్యలో చిట్లి ఉంది.

డిస్ట్రిబ్యూటర్ వెనకే ఉంది. 318. మొదటి రోజు చాలా బాధపడ్డాను, ఆ రాత్రి షెడ్డు తలుపు కూడా తీయలేదు. తెల్లారి వెనక సీటు ఎత్తితే స్ప్రింగుల్లో ఇరుక్కుని, ఎలుకలు ఒక అంచు కొరికిన కాగితం దొరికింది. బండి కట్టిన రోజున ఫ్యాక్టరీలో వాడిన షీటు. నంబరు మన నంబరే. రేడియేటర్ సపోర్ట్ మీద, డిక్కీ బీడింగ్ కింద గాడిలో కూడా అదే నంబరు చివరి అంకెలు ఉన్నాయి. షీటు ప్రకారం రంగు ముదురు ఆకుపచ్చ. ఇప్పుడున్న ఎరుపు కింద గీకితే ఆకుపచ్చే వచ్చింది. దాన్ని చూశాక ఈ బండి మీద నాకు మునుపటికంటే ఎక్కువ ప్రేమ కలిగింది. 318తోనే, ఆకుపచ్చతోనే చేస్తాను.

చెడ్డ కబురు: ఎడమ రైలు మీద ముడత ఉంది, ముందు సస్పెన్షన్‌కు కాస్త ముందు. మూలల కొలతల్లో తొమ్మిది మిల్లీమీటర్ల తేడా. వినైల్ టాప్ అంచు ఎత్తితే అద్దం కింద మూలలో నా వేలు లోపలికి వెళ్లింది.

పాతరేకు రాశారు:

ఆ కాగితాన్ని ఈరోజే స్కాన్ చేసి, పారదర్శకమైన కవర్లో పెట్టండి. లామినేషన్ చేయించొద్దు, ఆ వేడికి కాగితం పాడవుతుంది.

తొమ్మిది మిల్లీమీటర్లు సరిచేయగలిగిందే. చార్జర్‌కు వేరే చాసిస్ లేదు, రైళ్లన్నీ శరీరానికే వెల్డ్ చేసి ఉంటాయి. అందుకే ముందు రైలును లాగే పని ఫ్రేమ్ బెంచి (బండిని బిగించి, కొలుస్తూ లాగే యంత్రం) ఉన్నచోట చేయించండి, షెడ్డులో గొలుసులు కట్టి లాగొద్దు. బండి తన బరువు మీద నిలబడినట్టే ఆనించి, తలుపు చోట ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డ్ చేశాకే నేల రేకు గానీ వెనక భాగం గానీ కోయాలి. అలా చేయకపోతే కోసిన చోట శరీరం కొంచెం వాలుతుంది, మళ్లీ అతికాక తలుపులు ఎప్పటికీ సరిగా మూసుకోవు. ముందు సస్పెన్షన్ విప్పేముందు టార్షన్ బార్ల సర్దుబాటు బోల్టులు పూర్తిగా వదులు చేయండి. వాటిలో దాగిన బలం చేతి ఎముక విరగ్గొట్టగలదు.

అద్దం మూల తుప్పు ఎప్పుడూ కనిపించినదానికంటే పెద్దదే. అద్దం తీసి, వినైల్ మొత్తం లాగేసి చూడండి. నీళ్లు అక్కడినుంచి డిక్కీలోకి దిగి ఉంటాయి కాబట్టి డిక్కీ నేల, వెనక చక్రాల పక్క మూలలు, వెనక కమాన్ పట్టీలు బిగించే చోటు కూడా గుచ్చి చూడాలి. పైకప్పు, వెనక పక్క రేకు కలిసేచోట ఫ్యాక్టరీ సీసం నింపింది. అక్కడ గ్రైండర్ పెట్టకండి, సీసం దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేడిచేసి కరిగించి తుడిచేయాలి, అదీ మాస్కుతోనే.

వైరింగ్ విషయం మరిచాను. ఈ బండ్లలో చార్జింగ్ కరెంటు అంతా డాష్‌లోని ఆమీటర్ (కరెంటు కొలిచి చూపే మీటరు) గుండానే తిరుగుతుంది. దారిలో డాష్ గోడ మీద పెద్ద కనెక్టర్ ఉంటుంది. దాన్ని ఊడదీసి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగులోకి మారినా, కరిగినా ఆ టెర్మినల్స్ మార్చాలి, అవి వదులైతే బండికి నిప్పు అంటుకుంటుంది.

రైలు ముడత ఫోటో వెలుతురులో ఇంకొకటి పెట్టండి. వెల్డింగ్ పూస ఫ్యాక్టరీదో తర్వాతదో చూసి చెబుతాను.