సిండీ లాపర్ కంట్రీ కవర్స్ ఆల్బమ్ ఎవరైనా విన్నారా?

సిండీ లాపర్ అంటే నాకు టైమ్ ఆఫ్టర్ టైమ్ ఒక్కటే తెలుసు, ఎయిటీస్ పాప్ అనుకుని ఊరుకున్నా. మొన్న రాత్రి ఏదో ప్లేలిస్ట్ నడుస్తుంటే ఫనల్ ఆఫ్ లవ్ వచ్చింది, ఈ గొంతు ఎక్కడో విన్నట్టుందే అని చూస్తే ఆవిడే, ఆల్బమ్ పేరు డిటూర్, 2016లో వచ్చిందంట, అన్నీ పాత కంట్రీ పాటలే, అంటే అమెరికా పల్లెల బాణీలో పుట్టిన పాటలు, వేరేవాళ్ళు పాడినవి ఆవిడ మళ్ళీ పాడింది. నాలుగు రోజుల్నుంచి అదే పెట్టుకుని తిరుగుతున్నా. ఒరిజినల్స్ మాత్రం ఒక్కటీ వినలేదు. న్యూయార్క్ పాప్ సింగర్ పాడితే ఈ పాటలతో పెరిగినవాళ్ళకి నచ్చుతుందా? ముందు ఒరిజినల్స్ వినాలా?

పాతరేడియో: ముందు ఏది విన్నా పర్లేదండి, కానీ వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ మాత్రం రెండూ వెంటవెంటనే వినండి. 1957లో ప్యాట్సీ క్లైన్ హిట్ అది. ఆవిడది నిండైన గొంతు, ఎక్కడా తొందరుండదు. సిండీది సన్నగా, పదునుగా ఉంటుంది, న్యూయార్క్‌లోని తన క్వీన్స్ యాసని దాచుకోదు, కంట్రీ సింగర్ల అమెరికా దక్షిణాది యాస తెచ్చిపెట్టుకోదు, నాకు నచ్చింది అదే. వెనక వాయించింది కంట్రీ పాటలకి కేంద్రమైన నాష్‌విల్ ఊరి వాళ్ళే, ప్రొడ్యూసర్ టోనీ బ్రౌన్ ఒకప్పుడు ఎల్విస్ ప్రెస్లీ బ్యాండ్‌లో పియానో వాయించినాయన. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పెడల్ స్టీల్ గిటార్ (తీగల మీద కడ్డీ జరుపుతూ వాయించేది) మీదే చెవి పెట్టి వినండి, స్వరం తెగకుండా జారుతుంది, వీణ మీద జారు వేసినట్టే.

స్టీల్‌తీగ: విన్స్ గిల్‌తో పాడిన వెటకారపు డ్యూయెట్ నాకు ఎక్కలేదు, ఆ వెటకారం ఒరిజినల్ పాడిన లొరెట్టా లిన్, కాన్వే ట్విట్టీ నోట్లోనే బాగుంటుంది. కానీ జ్యుయెల్‌తో పాడిన కౌబాయ్స్ స్వీట్‌హార్ట్ మాత్రం అద్భుతం! గొంతుని కింది నుంచి టక్కున పైకి విరుస్తారు చూడండి, అదే యోడ్లింగ్. 1935లో ప్యాట్సీ మోంటానా పాడిన పాట అది.

రాత్రిబండి: పాప్ సింగర్ పాడితే ఈ పాటలతో పెరిగినవాళ్ళకి నచ్చుతుందా అన్నారు కదా, దానికి జవాబు రే చార్లెస్. సోల్ పాడే ఆయన 1962లో కంట్రీ పాటలతో ఆల్బమ్ చేస్తానంటే చాలామంది వద్దన్నారు. చిన్నప్పుడు రేడియోలో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ పాటల కార్యక్రమం విన్న మనిషి ఆయన, ఆ పాటలంటే ప్రాణం. డాన్ గిబ్సన్ రాసిన ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూని కోరస్, వయొలిన్లు పెట్టి తన పద్ధతిలోనే పాడాడు, అమెరికాలో ఐదు వారాలు నంబర్ వన్. అది వినకుండా ఉండకండి దయచేసి.

అడిగినవాణ్ణి: ప్యాట్సీ క్లైన్‌ది ఇప్పుడే రెండుసార్లు విన్నా, నిజంగా వేరే పాటలా ఉంది, రెండూ కావాలి నాకు. నైట్ లైఫ్‌లో సిండీతో పాడుతున్న పెద్దాయన ఎవరండీ?

పాతరేడియో: విల్లీ నెల్సన్. ఆ పాట రాసిందీ ఆయనే.