‘ట్రాన్స్‌పోర్ట్’కి తెలుగులో ఏ మాట? రవాణా, తరలింపు, ఎక్కించడం

ప్రశ్న:
మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల కోసం ఎస్ఏపీ బీడబ్ల్యూ (కంపెనీ డేటాను ఒకచోట చేర్చి రిపోర్టులు ఇచ్చే డేటా వేర్‌హౌస్ సాఫ్ట్‌వేర్) మీద తెలుగులో చిన్న పాఠాలు రాస్తున్నాను. డెవలప్‌మెంట్ సిస్టంలో తయారుచేసిన ఇన్ఫోఆబ్జెక్టులు (కస్టమరు, మొత్తం వంటి ఒక్కో డేటా అంశం నిర్వచనం), ట్రాన్స్‌ఫర్మేషన్లు (డేటాను మార్చే నియమాలు), క్వెరీల వంటివన్నీ ముందు క్వాలిటీకి, అక్కడ పరీక్ష అయ్యాక ప్రొడక్షన్‌కి (అసలు పని నడిచే సిస్టంకి) పంపుతాం కదా. ఈ పనిని అందరం ‘ట్రాన్స్‌పోర్ట్’ అంటాం. ‘రవాణా’ అని రాస్తే చదివేవాళ్ళకి ఆర్టీసీ గుర్తొస్తుందేమో. తరలింపు అందామా? బదిలీ? పేరు ఒక్కటే కావాలంటే ట్రాన్స్‌పోర్ట్ అనే ఉంచేసేదాన్ని. పని ఏమిటో మాటలోనే కాస్త తెలియాలని ఆశ.

మొదటి జవాబు:
రవాణాయే రాయండి, వెనకాడకండి. పార్శీ ‘రవానా’ నుంచి వచ్చిన మాట. కంపెనీ రోజుల్లో రవన్నా అంటే సుంకం చౌకీ దాటడానికి సరుకు వెంట ఉండాల్సిన అనుమతి చీటీ. మద్రాసు ప్రెసిడెన్సీలో లోపలి సుంకాలను 1844లో ఎత్తేశారు. చీటీ పోయింది, మాట మిగిలింది. పంపాల్సినవాటిని మూటకట్టే మీ ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్టు కూడా ఒక రకం చీటీయే కదా!

రెండో జవాబు:
నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

ముందు తరలింపు సంగతి. ‘క్షతగాత్రులను ఆసుపత్రికి తరలించారు’ అని పేపర్లో చదివితే వాళ్ళింకా రోడ్డు మీదే ఉన్నారని ఎవరూ అనుకోరు. తరలించాక పాత చోటు ఖాళీ. బదిలీ కూడా అంతే, ఎమ్మార్వో గారు బదిలీ అయితే ఆ కుర్చీలో ఇంకొకరు రావాలి. బీడబ్ల్యూలో జరిగేది ఇది కాదు. డెవలప్‌మెంట్‌లో కట్టినది అక్కడే ఉంటుంది, రేపు మార్పు చేయాల్సి వచ్చినా దాన్నే మారుస్తాం. ప్రొడక్షన్‌కి చేరేది దాని నిర్వచనం నకలు మాత్రమే. అందులోని డేటా అసలు కదలదు. ఏడీఎస్ఓ (బీడబ్ల్యూలో డేటా దాచే పట్టిక) వెళ్తుంది, దాంట్లోని వరుసలు వెళ్ళవు. కొత్తవాళ్ళు మొదట బోల్తా పడేది ఇక్కడే. ‘ట్రాన్స్‌పోర్ట్ అయిపోయిందన్నారు, రిపోర్టు ఖాళీగా వస్తోందేమిటి’ అంటారు. తరలింపు అని రాస్తే ఈ గందరగోళాన్ని మనమే పాఠంలో పెట్టినట్టవుతుంది.

రవాణా అన్న మాస్టారి వివరణ నాకు నచ్చింది. కానీ రవాణాలోనూ సరుకు గోదాము వదిలి పోతుంది, పైగా చీటీ అనే అర్థం ఇవాళ ఎవరి చెవిలోనూ లేదు.

నేను వాడేది ‘ఎక్కించడం’. ఇది నేను కనిపెట్టిన మాటేం కాదు. పాత లెక్కల్లో చిట్టాలోని (రోజువారీ పద్దుల పుస్తకంలోని) పద్దును ఆవర్జాలోకి (ఖాతాల పుస్తకంలోకి) ఎక్కించేవారు. ఎక్కించినంత మాత్రాన చిట్టాలో పద్దు చెరిగిపోదు, రెండు చోట్లా ఉంటుంది. ఆవర్జాలో తప్పు పడితే గీకి తుడిచేయరు, సరిదిద్దే పద్దు ఇంకొకటి రాస్తారు. ట్రాన్స్‌పోర్ట్ తీరు కూడా అదే. ప్రొడక్షన్‌లోకి వెళ్ళిన రిక్వెస్టును వెనక్కి లాగే మీట లేదు. డెవలప్‌మెంట్‌లో సరిచేసి, కొత్త రిక్వెస్టు కట్టి, క్వాలిటీ మీదుగా మళ్ళీ ఎక్కించాల్సిందే. పాత రిక్వెస్టును కొత్తదాని తర్వాత ఎక్కిస్తే పాత రూపమే కొత్తదాని మీద కూర్చుంటుంది. అందుకని వరుస తప్పకూడదు.

వరుస అంటే తేదీల వరుస ఒక్కటే కాదు. ఇన్ఫోఆబ్జెక్టు లేని చోట దాని మీద కట్టిన ఏడీఎస్ఓ యాక్టివేట్ కాదు, అంటే వాడకానికి సిద్ధం కాదు. సోర్సు సిస్టం (బీడబ్ల్యూకి డేటా ఇచ్చే సిస్టం) వైపు డేటాసోర్సు (ఏ డేటా ఇవ్వాలో చెప్పే నిర్వచనం) ముందుగా అక్కడి ప్రొడక్షన్‌కి వెళ్ళి, తర్వాత బీడబ్ల్యూలో రెప్లికేట్ కావాలి (దాని నకలు చేరాలి), లేకపోతే ట్రాన్స్‌ఫర్మేషన్ నిలబడదు. ఆర్ఎస్ఏ1 అనే బీడబ్ల్యూ పని తెరలోని ట్రాన్స్‌పోర్ట్ కనెక్షన్‌లో సరంజామా పోగుచేసేటప్పుడు అవసరమైనవే కావాలా, డేటా ప్రవాహంలో దీనికి ముందున్నవి కూడా కావాలా, తర్వాతవి కూడానా అని అడిగేది ఇందుకే. (‘పోగుచేయడం’ కూడా రాసుకోండి, కలెక్ట్‌కి అంతకన్నా మంచి మాట దొరకదు.) తెలియనివాళ్ళు ‘ముందువీ తర్వాతవీ’ అని నొక్కేస్తారు. సగం వేర్‌హౌస్ వచ్చి ఒక్క రిక్వెస్టులో పడుతుంది. అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది, ఎందుకంటే పక్క టీం వాళ్ళ సగంలో ఉన్న పని కూడా మన మూటలో చేరిపోయి ఉంటుంది.

రిలీజ్‌ని ‘విడుదల’ అనకండి, శుక్రవారం సినిమాలా ఉంటుంది. ముందు టాస్కు (రిక్వెస్టులో ఒక్కొక్కరి పని భాగం), తర్వాత రిక్వెస్టు రిలీజ్ చేస్తాం. అప్పటి నుంచి అందులో ఏమీ చేర్చలేం, తీయలేం. డేటా ఫైలు (నిర్వచనాలు ఉండేది), కోఫైలు (వాటి వివరాల చీటీ) అని రెండు ఫైళ్ళు తయారవుతాయి. ఆ అడుగును సిస్టమే ఎక్స్‌పోర్ట్ అంటుంది, అవతలి సిస్టంలో జరిగేదాన్ని ఇంపోర్ట్ అంటుంది. వీటికి ఎగుమతి, దిగుమతి సరిగ్గా సరిపోతాయి. పేపర్లు వాటిని దేశాల మధ్య వ్యాపారానికి వాడుతున్నాయి గానీ, మార్కెట్ యార్డులో హమాలీలు బస్తాలతో రోజూ చేసేదీ ఎగుమతి దిగుమతులే.

మూడో జవాబు:
నాది బేసిస్ పని, అంటే ఎస్ఏపీ సిస్టంల నిర్వహణ. ఎక్కించడం బాగానే ఉంది గానీ రెండు అభ్యంతరాలు. లారీకి సరుకు ఎక్కించడం బయలుదేరే చోట జరిగే పని. మీరు చెప్పే ఎక్కించడం చేరే చోట జరుగుతోంది. రెండోది ఇంకా పెద్దది: డేటా లోడ్‌ని కూడా మన వాళ్ళు ‘డేటా ఎక్కించడం’ అనే అంటారు. ‘ప్రొడ్‌లో ఎక్కించేశాం’ అని నాకు మెయిల్ వస్తే ఏది ఎక్కించినట్టు?

ఇంకొకటి, రిటర్న్ కోడ్‌లకి (దిగుమతి ఎలా అయిందో చెప్పే అంకెలకి) కూడా పాఠంలో చోటు ఇవ్వండి. 0 అంటే సాఫీగా అయినట్టు, 4 అంటే హెచ్చరిక, 8 అంటే తప్పులున్నాయి, 12 అంటే దిగుమతి మధ్యలోనే ఆగిపోయేంత తీవ్రమైన తప్పు. 8 వచ్చాక ‘సార్, క్లయింట్ కాల్ ఉంది, ఎలాగైనా చూడండి’ అంటూ నా దగ్గరికి వస్తారు. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు! లాగ్ చదవండి, ఏ ఆబ్జెక్టు యాక్టివేట్ కాలేదో అందులోనే ఉంటుంది.

రెండో జవాబు రాసినవారు:
మీ మొదటి అభ్యంతరానికి విభక్తే సమాధానం చెబుతుంది. లారీ‘కి’ ఎక్కిస్తాం, పుస్తకం‘లో’ ఎక్కిస్తాం. ‘రిజిస్టర్‌లో పేరు ఎక్కింది’ అంటే ఎవరికీ లారీ గుర్తుకు రాదు. ‘ప్రొడక్షన్‌లోకి ఎక్కించడం’ అని ప్రతిచోటా ‘లోకి’ వదలకుండా రాస్తే చాలు.

రెండో అభ్యంతరం నిజమే, దాన్ని తప్పించుకోలేను. డేటాకి ‘నింపడం’ వాడదాం. డీటీపీ (డేటాను లోడ్ చేసే ప్రక్రియ) నడిపితే ఏడీఎస్ఓ నిండుతుంది. అప్పుడు ‘ఎక్కించాం గానీ ఇంకా నింపలేదు’ అనవచ్చు. రిపోర్టు ఖాళీగా ఎందుకొచ్చిందో ఆ ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. రెండు పనులకీ రెండు వేరు మాటలు ఉండటం నిజానికి ఇంగ్లీషులో కన్నా మనకే ఎక్కువ అవసరం, ఎందుకంటే మన ఆఫీసుల్లో రెంటినీ ‘మూవ్ చేశాం’ అనే అంటున్నారు.

ప్రశ్న అడిగినవారు:
ఇంకో సందేహం. డెవలప్‌మెంట్ బీడబ్ల్యూ డేటా కోసం చూసేది డెవలప్‌మెంట్ ఈసీసీని (కంపెనీ రోజువారీ లావాదేవీల ఎస్ఏపీ సిస్టంని). ప్రొడక్షన్‌లోకి ఎక్కాక అది ప్రొడక్షన్ ఈసీసీని చూడాలి కదా. దానికి మాట?

రెండో జవాబు రాసినవారు:
దానికి కొత్త మాట అక్కర్లేదు, ‘సోర్సు సిస్టం పేరు మారడం’ అని విడమరచి రాయండి. ఏ పేరు ఏ పేరుగా మారాలో ఆ జతలను చేరాల్సిన సిస్టంలో ముందే పట్టికలో రాసి ఉంచుతారు. దిగుమతి జరిగేటప్పుడు సిస్టం ఆ పట్టిక చూసి మార్చుకుంటుంది. జత రాయకపోతే ఇందాక సార్ చెప్పిన 8 కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
పాఠంలో ఇలా రాశాను, చూడండి: ‘డెవలప్‌మెంట్‌లో కట్టినవాటిని రిక్వెస్టులో పోగుచేసి, రిలీజ్ చేసి, క్వాలిటీలోకి, ఆపైన ప్రొడక్షన్‌లోకి ఎక్కిస్తాం. ఎక్కేది నిర్వచనమే. క్యూబును నింపడం ప్రొడక్షన్‌లో విడిగా జరగాలి.’

మూడో జవాబు రాసినవారు:
బాగుంది. మీది బీడబ్ల్యూ/4హానా (బీడబ్ల్యూ కొత్త తరం) అయితే మాత్రం ‘క్యూబు’ తీసేసి ఏడీఎస్ఓ అని పెట్టండి, అందులో ఇన్ఫోక్యూబులు (పాత తరహా డేటా నిల్వలు) లేవు.