థాయ్ నేర్చుకోవడానికి అక్కడి వాళ్ళింట్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

తెనాలి_కుర్రాడు:
అందరికీ నమస్కారం. డిసెంబరులో నాలుగు వారాలు సెలవు దొరికింది. ఉత్తర థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయి దగ్గర పల్లెలో ఒకరింట్లో ఉండి థాయ్ నేర్చుకుందామని ప్లాన్. ఆరు నెలలుగా యాప్‌లో చదువుతున్నా, నోరు మాత్రం తిరగడం లేదు. ఆ ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదట, అదే టెన్షన్. పైగా నేను పూర్తి వెజ్. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

గోదారి_గట్టు:
ఇంగ్లీషు రాకపోవడమే మీ అదృష్టం తమ్ముడూ. నేను మొదట దిగిన ఇంట్లో కూతురికి ఇంగ్లీషు బాగా వచ్చు. పది రోజులూ ఆ అమ్మాయితో ఇంగ్లీషులో కబుర్లు చెప్పడంతోనే సరిపోయింది. తర్వాత ఇల్లు మారాను. అక్కడ ఓ పెద్దావిడ, ఆవిడ భర్త, రెండు కుక్కలు. పొద్దున్న లేవగానే "కిన్ ఖావ్ రూ యంగ్?" అనేవారు. అంటే అచ్చంగా "అన్నం తిన్నావా, ఇంకా లేదా?" అని. మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. ఆవిడ మాటమాటకీ చివర "చావ్, చావ్" అనేది. మొదటి రోజు గుండె జారింది, ఏం తప్పు చేశానా అని! అది థాయ్‌లాండ్ ఉత్తరాది యాసలో ఆడవాళ్ళు మర్యాదకి చేర్చే మాట, మన "అండి" లాంటిది. ఆ తర్వాత నేనూ అలవాటుగా సంతలో "చావ్" అంటూ తిరిగాను. కూరగాయలమ్మేవాళ్ళు ఒకటే నవ్వు. మగవాళ్ళు "ఖ్రప్" అనాలని వారం తర్వాత పెద్దాయన చెప్పాడు. ఇంట్లో ఎవరి మాట పట్టుకుంటున్నారో చూసుకోండి.

మిర్చి_బజ్జీ:
హహ్హా అన్నా! నా కథ వినండి. కూర చప్పగా ఉందని "కారం" అడగాలి. కారానికి "ఫెత్", బాతుకి "పెత్". స్వరం, అంటే గొంతు ఎత్తి దించే తీరు కూడా ఒకటే, తేడా అంతా ఒత్తులోనే. ఒత్తులు రాయడమే గానీ పలకం కదా మనం, రెండు రోజులు వరసగా బాతు మాంసం పెట్టారు. ఎఫ్‌లా పలికినా పని జరగదు, ప వెంట గాలి వదలాలి.

అసలు తలనొప్పి స్వరాలు. ఐదున్నాయి. "క్లై" అని గొంతు దింపితే దగ్గర, సమంగా అంటే దూరం. గుడి దగ్గరేనని నేనున్న ఇంటి అమ్మ చెప్తే నేను దూరమనుకుని ఎర్ర బండి (అక్కడి షేర్ ట్యాక్సీ) ఎక్కాను. రెండు వందల అడుగులు కూడా లేదు. డ్రైవర్ డబ్బులు తీసుకోలేదు, అదే సిగ్గనిపించింది.

అక్షరాల_పిచ్చి:
బయల్దేరే ముందే లిపి నేర్చుకోండి. 44 హల్లులు అనగానే భయపడకండి, వరస మన క, ఖ, గ, ఘ, ఙ లాంటిదే, వాళ్ళ లిపి మూలాలూ మన దక్షిణాదివే. కాకపోతే గ, ఘ కూడా ఖ లాగే పలుకుతారు. అందుకే గురువు అక్కడ "ఖ్రూ". రథం "రొత్", అంటే ఏ బండైనా. భాష "ఫాసా". ఆకాశం "ఆకాత్" అయింది గానీ దానర్థం గాలి, వాతావరణం. ఇలాంటివి దొరికినప్పుడల్లా నాకు చిన్నపిల్లాడి సంబరం.

గోదారి_గట్టు:
నాలుగు వారాలకి లిపి ఎందుకండీ? ముందు చెవి అలవాటు పడాలి. నేను నెలంతా ఒక్క అక్షరం రాయలేదు.

అక్షరాల_పిచ్చి:
అందుకే "చావ్" అంటూ తిరిగారు :) సరదాకే అన్నాను. స్వరం ఏదో రాతలోనే తెలుస్తుందండీ. తెలుగు అక్షరాల్లో రాసుకుంటే దగ్గర, దూరం రెండూ "క్లై"నే.

వైజాగ్_వసంత:
ఇద్దరూ సగం సగం రైటే. మన వాళ్ళు చేసే అసలు పొరపాటు ఎవరూ చెప్పలేదు. ప్రశ్న అడిగేటప్పుడు మనం మాట చివర గొంతు లేపుతాం. అక్కడ లేపితే మాటే మారిపోతుంది. అవునా కాదా అని అడగాలంటే మామూలుగా వాక్యం చివర "మై" చేర్చాలి. అదే "మై" గొంతు దింపి ముందు పెడితే "కాదు, లేదు". నాకిది అర్థమవడానికి మూడు వారాలు పట్టింది.

నేనున్నది థాయ్‌లాండ్ ఈశాన్యంలో, ఉదోన్ థానీ వైపు. ఇంట్లో మాట్లాడేది లావోస్ భాషకి దగ్గరైన యాస. రుచిగా ఉందంటే "సేప్". నేర్చుకున్నదంతా బ్యాంకాక్‌లో మాట్లాడితే నవ్వారు. చియాంగ్ మాయి పల్లెల్లోనూ సొంత యాస ఉంటుంది. రోజూ ఓ గంట టీచరు దగ్గర మామూలు థాయ్ కూడా చదవండి తమ్ముడూ.

తిండి సంగతి: "మంగ్సవిరత్" అంటే శాకాహారం, మన మాంస విరతే. పల్లెలో "చే" అంటే ఇంకా తొందరగా అర్థమవుతుంది, కానీ అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. "నామ్ ప్లా" వద్దని విడిగా చెప్పండి, చేపల రసం కూరగాయల్లో కూడా పోసేస్తారు. వాళ్ళ దృష్టిలో అది ఉప్పు లాంటిది. నాకు బొప్పాయి సలాడ్ రోట్లో దంచుతుంటే పక్కన కూర్చుని కాపలా కాశాను.

తెనాలి_కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. లిపి ఈ వారమే మొదలుపెడతా, టీచర్ని కూడా అడుగుతా. అక్కా, ఒక్క డౌటు. వాళ్ళకి ఆవకాయ తీసుకెళ్ళొచ్చా?

వైజాగ్_వసంత:
గట్టిగా సీల్ చేసిన ప్యాకెట్ పట్టుకెళ్ళు. నేనున్న ఇంటి అవ్వ జిగురన్నంలో నంజుకుని తింది. ఏం కాయ అని అడిగితే "మమువాంగ్" అన్నాను, మామిడి. నమ్మలేదు. టెంక తీసి చూపించాక ఇంకో ముక్క వేసుకుంది.