చంటిపిల్ల జలుబుకి కర్పూరం, నీలగిరి తైలం వాడొచ్చా? అసలు ఈ వాసన నూనెలు మందేనా?

కోనసీమ కోడలు:
మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి తెల్లవారుజామున కాలువ మీది మంచు ఇంట్లోకి వచ్చేస్తోంది. పాపకి ఏడాదిన్నర. మూడు రోజులుగా జలుబు. రాత్రి ముక్కు బిగుసుకుపోయి పాలు తాగలేక ఏడుస్తోంది. జ్వరం లేదు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి గుండెకీ వీపుకీ రాయమంటున్నారు అత్తగారు. మా ఆయన్నీ అలాగే పెంచారట. హైదరాబాద్‌లో ఉండే మా ఆడపడుచు ఒక పెట్టె పంపింది. అందులో నీలగిరి, పిప్పరమెంటు, లావెండర్, టీ ట్రీ నూనెల సీసాలు, గదిలో ఆవిరి చిమ్మే డిఫ్యూజర్ ఉన్నాయి. తను ఆ నూనెలు అమ్మే గొలుసులో చేరింది. నీళ్ళలో ఒక చుక్క వేసి తాగించినా మంచిదేనంటోంది. ఇద్దరూ పాప మేలు కోరే చెబుతున్నారు. నాకే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

పాలకొల్లు పిన్ని:
కంగారు పడకమ్మా. ముగ్గురు పిల్లల్నీ, ఐదుగురు మనవల్నీ పెంచాను. తలంటి సాంబ్రాణి పొగ వేశాం, వాము వేయించి మూట కట్టి కాపడం పెట్టాం, దిండు మీద రెండు చుక్కలు నీలగిరి తైలం చల్లాం. కర్పూరమూ రాశాం. ఎవరికీ ఏమీ కాలేదు. తిరుపతి లడ్డూలో పచ్చకర్పూరం వేస్తారు కదా, అది తింటున్నాం కదా. మీ అత్తగారి మాట విను. ఆ సీసాల్లో నూనెలు మాత్రం నాకు తెలియవు, వాటి జోలికి వెళ్ళకు.

తణుకు ఫార్మసిస్టు:
పిన్నిగారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఈ విషయంలో ఒప్పుకోలేను. లడ్డూలో కర్పూరం చిటికెలో చిటికె. గ్రాము దరిదాపుల్లో కర్పూరం లోపలికి పోతే పసిబిడ్డకి ప్రాణం మీదికి వస్తుంది. ఫిట్స్ గంటన్నరలోపే, ఒక్కోసారి ఐదు నిమిషాల్లోనే మొదలవుతాయి. మింగితేనే కాదు, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. పిల్లల చర్మం పలచన, ఒంటి బరువు తక్కువ. అమెరికాలో 1983లోనే పైపూత మందుల్లో కర్పూరం 11 శాతానికి మించకూడదని కట్టడి చేశారు. ఇంట్లో కరిగించినప్పుడు ఎంత శాతం పడిందో అత్తగారికి గానీ నాకు గానీ ఎలా తెలుస్తుంది? హారతి కర్పూరం బిళ్ళలైతే మరీ వద్దు. అవి దేవుడి దగ్గర వెలిగించడానికి చేసినవి, పిల్లల ఒంటికి రాయడానికి కాదు.

నీలగిరి తైలమూ అంతే. పైకి మంచి వాసన, లోపలికి పోతే విషం. ఒక టీ స్పూను, అంటే 5 మిల్లీలీటర్లు మింగినా మగత, వాంతులు, ఫిట్స్ రావచ్చు. "ఒక చుక్క తాగించినా మంచిదే" అన్న మాట వింటే నాకు ఒళ్ళు జలదరించింది. చుక్క ఈ రోజు చుక్కే, రేపు తొందరలో ఎన్ని పడతాయో చెప్పలేం.

ఇంకో సంగతి. పిప్పరమెంటు, నీలగిరి పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది చూడండి, నిజానికి ముక్కు తెరుచుకోదు. పిప్పరమెంటులో చల్లదనాన్నిచ్చే మెంథాల్ అనే పదార్థం ముక్కు లోపల చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసల్ని తట్టి లేపుతుంది. చల్లగాలి బాగా ఆడుతోందని మెదడు అనుకుంటుంది. పరికరంతో కొలిస్తే గాలి అంతే. ఆ నరాల్లో మెంథాల్‌కి స్పందించే గ్రాహకాన్ని కనిపెట్టినవాళ్ళలో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఉన్నారు. వేడినీ స్పర్శనూ శరీరం ఎలా గుర్తిస్తుందో తేల్చినందుకు 2021లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. పెద్దవాళ్ళకి ఆ హాయి చాలు, నిద్రపడుతుంది. కానీ పసివాళ్ళ ముక్కు దగ్గర మెంథాల్ పెడితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగిన సందర్భాలున్నాయి. అందుకే రెండేళ్ళలోపు పిల్లలకి మెంథాల్ ఉన్న బామ్‌లు వద్దంటారు.

చెల్లెమ్మా, పాపకి సెలైన్ చుక్కలు ముక్కులో వెయ్యి. ఉత్త ఉప్పునీళ్ళ మందు, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. పాలు పట్టే ముందు వేసి, గుడ్డతో మెల్లగా తుడువు. పాప నిద్రపోతున్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టు. ఏడాది దాటిన పిల్లలకి నిమిషానికి 40, అంతకు మించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు పూర్తిగా మానేసినా ఎవరినీ అడగకుండా ఆసుపత్రికి వెళ్ళిపో.

రాజమండ్రి పరిమళం:
నేను అరోమాథెరపీ, అంటే వాసన నూనెలతో చేసే వైద్యం నేర్చుకుని పదేళ్ళుగా పెద్దవాళ్ళకి చేస్తున్నాను. పసిపిల్లల విషయంలో ఫార్మసిస్టుగారితో వందకి వంద ఒప్పుకుంటాను. నా దగ్గరికి చంటిపిల్లల్ని తెస్తే వెనక్కి పంపేస్తాను. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. 1937లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గట్టెఫోసే ఈ విద్యకి ఆ పేరుతో పుస్తకం రాసేనాటికి ఇందులో నమ్మకమే ఎక్కువ, నిజమే. తర్వాత పరీక్షలు జరిగాయి. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల మీద 5 శాతం టీ ట్రీ జెల్‌ని బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందుతో పోల్చి చూశారు. నెమ్మదిగానే అయినా పనిచేసింది, మంట తక్కువ. 1996లో జర్మనీలో 10 శాతం పిప్పరమెంటు నూనె నుదుటికి రాస్తే టెన్షన్ తలనొప్పికి పారాసిటమాల్‌కి తీసిపోలేదు. పేగుల్లో కరిగే పిప్పరమెంటు క్యాప్సూళ్ళు ఐబీఎస్ అనే పేగుల ఇబ్బందితో వచ్చే కడుపునొప్పికి డాక్టర్లే రాస్తున్నారు. పంటినొప్పికి లవంగ నూనె మన అమ్మమ్మలు పెట్టారు, అందులోని యూజెనాల్ని దంతవైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు. ఇదంతా మూఢనమ్మకమా?

తణుకు ఫార్మసిస్టు:
కాదమ్మా, నేనలా అనలేదు. మీరు చెప్పినవన్నీ నిజమే. ఒక్కటి గమనించండి. ప్రతిదానికీ ఒక జబ్బు, ఒక మోతాదు, ఒక శాతం ఉన్నాయి. జర్మనీలో ఆందోళనకి ఇచ్చే లావెండర్ కూడా 80 మిల్లీగ్రాముల క్యాప్సూల్, కొలిచి చేసినది. దాన్ని చూపించి, పెట్టెలో ఉన్న సీసా అన్నిటికీ పనిచేస్తుందని అమ్మడం దగ్గరే నాకు గొడవ. షుగర్, బీపీ, క్యాన్సర్ తగ్గిస్తామని ప్రకటన ఇవ్వడం మన దేశంలో 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. అలాంటివి వాట్సాప్‌లో రోజూ వస్తున్నాయి.

చెరువుగట్టు, ఆకివీడు:
ఆ మాట మా ఇంట్లో జరిగిందండి. నాన్నగారికి బీపీ. తెలిసినాయన ఒకరు మెడకి రాసుకునే నూనె ఇచ్చి, ఇది రాస్తే మాత్రలు అక్కర్లేదన్నాడు. వాసన బాగుంది, రాసుకుంటే నిద్రపట్టేది. తగ్గిందనుకుని రెండు నెలలు మాత్రలు మానేశారు. నేను రొయ్యల చెరువు దగ్గర నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు చూసుకుంటూ రాత్రిళ్ళు ఇంటికి వెళ్ళేవాణ్ణి కాదు, నాకు తెలియలేదు. సంక్రాంతి వెళ్ళిన వారానికి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు ఎడమ చెయ్యి లేవదు. నూనె ఆయనకి హాని చెయ్యలేదు. మాత్ర మానడమే చేసింది. కానీ ఆ నూనె లేకపోతే మాత్ర మానేవారు కాదు.

రాజమండ్రి పరిమళం:
తమ్ముడూ, చదివి మనసు బరువెక్కింది. మాత్రలు మానమని చెప్పేవాళ్ళు ఈ విద్యకే శత్రువులు. నా దగ్గరికి వచ్చేవాళ్ళని మొదట అడిగేది వేసుకునే మందుల గురించే. అలా అడగనివాళ్ళు చాలామందే ఉన్నారని ఒప్పుకుంటున్నాను.

నర్సు, కాకినాడ:
పిల్లల వార్డులో పనిచేశాను. ఒక రాత్రి కరెంటు పోతే ఒక తల్లి దగ్గు సిరప్ అనుకుని పక్కనున్న నీలగిరి సీసా తీసి చెంచాడు పట్టేసింది. తీసుకొచ్చేసరికి బాబు ఫిట్స్‌లో ఉన్నాడు. బతికాడు. ఆ తల్లి మాత్రం నెల తర్వాత కూడా నా చెయ్యి పట్టుకుని "నేనే చేశాను" అని ఏడ్చింది. ఇలా జరిగితే వాంతి చేయించకండి, ఫిట్స్ వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా చేతిలో పట్టుకుని 108కి ఫోన్ చెయ్యండి. వేడినీళ్ళ గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఆవిరి పట్టించడమూ వద్దు. కరోనా రోజుల్లో అందరం ఆవిరి పట్టాం గానీ, గిన్నె తిరగబడి తొడలు కాలిన పిల్లల్ని చూసినదాన్ని నేను.

పాలకొల్లు పిన్ని:
ఇది చదివాక నాకు నిద్రపట్టలేదు. మా కాలంలో ఎవరింట్లో ఏమైందో మాకు తెలిసేది కాదు. బాగున్నవాళ్ళే కనిపించేవారు. కర్పూరం మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ వాము మూట మానమంటే ఒప్పుకోను. దానివల్ల ఏం నష్టం? సాంబ్రాణి కూడా వద్దా?

తణుకు ఫార్మసిస్టు:
వాములో ఘాటైన వాసననిచ్చేది థైమాల్ అనే పదార్థం. మూట పక్కన పెట్టి వాసన తగలనిస్తే నేనేమీ అననండి. ఒంటికి కాపడం పెడితే కాలొచ్చు, మెడకి కట్టకూడదు. సాంబ్రాణి మాత్రం జలుబున్న బిడ్డకి వద్దు. ఎంత సువాసనైనా పొగ పొగే. తల ఆరడానికి మెత్తటి తుండుగుడ్డ చాలు. ఉబ్బసం ఉన్న ఇంట్లో పెద్దవాళ్ళకీ వద్దు.

చెరువుగట్టు, ఆకివీడు:
దోమలకి నిమ్మగడ్డి నూనె రాసుకుంటున్నాం చెరువు దగ్గర. అదీ తప్పేనా?

తణుకు ఫార్మసిస్టు:
తప్పు కాదు, దాని ప్రభావం గంటా రెండు గంటల్లో పోతుంది, అంతే. బోదకాలు చూసిన జిల్లాలు మనవి. దోమతెర మానకండి.

కోనసీమ కోడలు:
రాత్రి పాప నిద్రపోయాక ఊపిరి రెండుసార్లు లెక్కపెట్టాను. 30, 32 వచ్చాయి. సెలైన్ చుక్కలు వేశాక పాలు తాగింది. పిన్నిగారి మాటలు అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాము వేయించి మూట కట్టి, మంచానికి అవతల కిటికీలో పెట్టారు. ఆ వాసనకి నాకూ హాయిగా ఉంది. సీసాలన్నీ బీరువా పైన పెట్టాను, డిఫ్యూజర్‌ని పెట్టెలోంచి బయటికి తీయనేలేదు. ఆడపడుచుకి ఎలా చెప్పాలో తెలియక ఇక్కడి మాటలన్నీ తనకి పంపాను, చెరువుగట్టు అన్నగారి నాన్నగారి సంగతి కూడా. ఇంకా చూడలేదు.